హామర్‌ఫెస్ట్‌కు వస్తున్న తమ్ముడికి

ఉత్తర నార్వేలోని హామర్‌ఫెస్ట్‌లో ఉద్యోగం వచ్చిందనీ, అక్కడి చలికి తట్టుకోగలనా అనీ అడిగారు. చలికి మంచి కోటు చాలు. 70 డిగ్రీల అక్షాంశం దాటి ఉన్నా, వెచ్చని సముద్ర ప్రవాహం వల్ల ఇక్కడి రేవు గడ్డకట్టదు. చేపల వేట ఆధారంగా పెరిగిన ఈ ఊరికి 1789లోనే పట్టణ హోదా దక్కింది, 2007లో మెల్కోయా దీవిలో గ్యాస్ కర్మాగారం మొదలైంది. వీసా, పన్నుల నిబంధనలు ప్రభుత్వ వెబ్‌సైట్లలో చూసుకోండి. మనిషిని కుంగదీసేది ఒంటరితనం. నేను రాసేదీ దాని గురించే.

నవంబరు చివరి నుంచి జనవరి మూడో వారం దాకా సూర్యుడు ఉదయించడు. మొదటి శీతాకాలమంతా నేను పని నుంచి రాగానే తలుపు వేసుకుని, బెజవాడలోని మావాళ్ళతో వీడియో కాల్‌లో కూర్చునేవాణ్ణి. మీ తరానికి ఫోన్ ఉంటే మనుషులు అక్కర్లేదనిపిస్తుంది కాబట్టి ఇది ముందే చెబుతున్నాను. వసంతంలో మా అపార్ట్‌మెంటులో 'దుగ్నాద్' నోటీసు అంటించారు. అంటే అందరూ కలిసి ఆవరణ శుభ్రం చేసుకునే శ్రమదానం. "నాకు తీరిక లేదు, నా వంతు ఎంతో చెబితే డబ్బు ఇచ్చేస్తాను" అన్నాను. హైదరాబాదులో అయితే అది సబబైన మాటే. నోటీసు అంటించినాయన నన్ను ఒక్క క్షణం చూసి, అక్కర్లేదని వెళ్ళిపోయారు. ఆ వేసవంతా మెట్ల మీద ఎవరు ఎదురైనా తలూపి సాగిపోవడమే తప్ప మాట లేదు.

ఇక్కడి పునర్నిర్మాణ మ్యూజియం చూశాక గానీ నా మాటలోని పొగరు నాకు తెలియలేదు. 1890 అగ్నిప్రమాదంలో ఊరు చాలా భాగం కాలిపోతే, మరుసటి ఏడే విద్యుత్ వీధిదీపాలు పెట్టుకున్న జనం వీళ్ళు. 1944 శరత్కాలంలో జర్మన్ సైన్యం ప్రజలను బలవంతంగా తరలించి, వెనుదిరిగేలోగా ఊరంతా తగలబెట్టింది. శ్మశానవాటికలోని ప్రార్థనాలయం తప్ప ఏ కట్టడమూ నిలవలేదు. యుద్ధం ముగిశాక, అధికారులు అప్పుడే రావద్దంటున్నా తిరిగివచ్చి, దొరికిన సామగ్రితో తలదాచుకుని మళ్ళీ ఇళ్ళు కట్టుకున్న వారి పిల్లలూ మనవలే మన ఇరుగుపొరుగు.

మరుసటి ఏడు పిలవకముందే చీపురు పట్టుకుని దిగాను. పని అయ్యాక వాఫుల్స్, కాఫీ దగ్గర పక్కింటి పెద్దాయన నాతో మాట కలిపారు. ఇప్పుడు పడవ వేసుకుని వెళ్ళినప్పుడల్లా మా తలుపు పిడికి ఒక కాడ్ చేప సంచి తగిలించి పోతారు. మీకూ ఇస్తారు, పులుసు పెట్టండి. చింతపండు రసం బాగా మరిగాకే ముక్కలు వేసి, గరిటె పెట్టకుండా గిన్నె పట్టుకుని తిప్పాలి. మన కొర్రమీను అనుకుని కలిపారంటే ముక్కన్నది మిగలదు.