నిద్రపోతున్నాడని మురిసిపోకు

అమ్మణ్ణీ,

మీ అమ్మ నిన్న ఒక్క పూటలో మూడుసార్లు ఫోన్ చేసింది. మొదటిసారి కోపంగా, రెండోసారి ఏడుస్తూ, మూడోసారి నన్నే తిడుతూ. కాన్పు అయ్యాక నువ్వు చిత్తూరికి రావట, తిరుపతిలో మీ అద్దె ఇంట్లోనే ఉండి బిడ్డను నువ్వూ మీ ఆయనా చూసుకుంటారట, నీళ్ళు పోయడానికి మనిషిని కూడా పెట్టుకోరట. "ఈ మొండితనం నీ దగ్గరే నేర్చుకుంది" అని నా మీద పడింది. నాకు లోపల్లోపల సంతోషమే, చెప్పలేదులే. మీ అమ్మకు మోకాలి ఆపరేషన్ అయి నాలుగు నెలలు కూడా కాలేదు, కింద కూర్చోలేని మనిషి నిన్నూ బిడ్డనూ ఏం చూస్తుంది? ఆ మాట ఆమె మొహాన అనలేక నువ్వు మొండిదానివి అనిపించుకున్నావు చూడు, అది నాకు అర్థమైంది.

కానీ రాత్రి నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే సగం విని "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అంటావు. అందుకే రాస్తున్నా, కూర్చుని చదువు.

తేలికవి ముందు చెప్పేస్తా. బిడ్డను ఎత్తుకునే ముందు ఎవరైనా సబ్బుతో చేతులు కడగాల్సిందే. పుట్టిన రోజు స్నానం వద్దు, బొడ్డు ఊడేదాకా గోరువెచ్చని నీళ్ళలో తడిపిన మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. బొడ్డుకు పసుపు, ఆముదం, బూడిద, పౌడరు ఏదీ పెట్టొద్దు. పొడిగా వదిలేసి డైపరును దాని కిందికి మడిచి కట్టు, వారానికో రెండు వారాలకో అదే రాలిపోతుంది. చుట్టూ ఎర్రబడినా, చీము పట్టినా, వాసన వచ్చినా డాక్టరుకు చూపించు. ఆడపిల్ల అయితే ముందు నుంచి వెనక్కి తుడవాలి. ఎప్పుడూ వెల్లకిలా పడుకోబెట్టు. పుట్టగానే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి వేస్తారు, కార్డులో రాయించుకో. తర్వాతవి 6, 10, 14 వారాలకు. ఇవన్నీ నీకు నాకంటే బాగా తెలుసు.

నీళ్ళు పోసే మనిషి సంగతి. పాతకాలం ముసలమ్మల చేతుల్లో నేర్పు ఉండేది, కాదనను. కాళ్ళు చాపుకుని బిడ్డను పడుకోబెట్టుకుని, కంట్లో చుక్క పడకుండా తల తడిపేవాళ్ళు. నీకు మొదటి నీళ్ళు పోసింది నేనే, నీ పాదం నా బొటనవేలంత ఉండేది, చేతిలోంచి జారిపోతావేమోనని నా నడుము పట్టుకుపోయింది. ఆ నేర్పు మాత్రం తీసుకో. మోచేతితో నీళ్ళ వేడి చూడు, కొబ్బరినూనె మెల్లగా రాయి. మిగతా సామానంతా గడప బయటే ఆపు. ముక్కులో చెవుల్లో నూనె పొయ్యొద్దు. ముక్కు నిటారుగా రావాలని నొక్కొద్దు, అది వాళ్ళ నాయనది వస్తుంది, నొక్కితే మారదు. పసిబిడ్డకు రొమ్ములు కాస్త ఉబ్బి ఉంటాయి, అది తల్లి ఒంట్లోని హార్మోన్ల వల్ల, దానంతట అదే తగ్గుతుంది. పాలు తీసేయాలని పిండితే చీము పట్టొచ్చు. వస అరగదీసి నాకించడం, చక్కెర నీళ్ళు, ఇవేవీ వద్దు. తేనె అయితే ఏడాది నిండేదాకా చుక్క కూడా వద్దు. సాంబ్రాణి పొగ ఆ చిన్న ఊపిరితిత్తులకు ఎందుకు చెప్పు, దేవుడి గదిలో వేసుకో. కళ్ళకు కాటుక వద్దు. దిష్టి అంటావా, అరికాలికి చుక్క పెట్టు. దానికి నేను అడ్డు చెప్పను, నాకూ భయమే.

ఇక మీ ఊరు. తిరుపతిలో ఇల్లుంటే ఏం జరుగుతుందో నీకు చెప్పాలా? కొండకు వచ్చే ప్రతి చుట్టం మీ ఇంట్లోనే దిగుతాడు. కంపార్ట్‌మెంట్లో గంటలు గంటలు జనం మధ్య కూర్చుని, గుండు చేయించుకుని, దగ్గుతూ తుమ్ముతూ కిందికి దిగి, లడ్డూ తిన్న చేత్తోనే "ఏదీ మనవడు" అని బుగ్గ పట్టుకుంటారు. వద్దంటే అలుగుతారు. నీకొక ఉపాయం చెబుతా. పురుడు అను. ఇంకా మైల తీరలేదు అంటే దర్శనానికి వచ్చినవాడు గుమ్మం కూడా తొక్కడు. పురుడు పేరుతో మనల్ని ఒక మూల కూర్చోబెట్టి కంచం గ్లాసు వేరు పెట్టారని వయసులో ఉన్నప్పుడు నేను చాలా రుసరుసలాడాను గానీ, ఈ ఒక్క లాభం మాత్రం ఉంది. పదకొండు రోజులను నెల చేసుకో, ఎవరు లెక్క పెడతారు? ఆశా కార్యకర్త వస్తే మాత్రం తిప్పి పంపకు. 3, 7, 14, 21, 28, 42 రోజులకు వచ్చి బిడ్డను చూడాలి, బరువు చూడాలి. రాకపోతే మీ ఆయన్ను వెళ్ళి పిలుచుకు రమ్మను.

నీకు మే నెలలో కాన్పు. మీ ఊరి మే నెల ఎండలో బిడ్డకు గాలి తగలకూడదని కిటికీలు మూసి, టోపీ పెట్టి, రెండు దుప్పట్లు చుడితే ఒళ్ళు కాలిపోతుంది. నూలు చొక్కా ఒకటి చాలు. ఫ్యాన్ వేసుకో, గాలి నేరుగా మొహాన కొట్టకుండా చూసుకో. ఎంత ఎండ అయినా నీళ్ళు పట్టొద్దు, 6 నెలల దాకా చనుపాలే తిండీ నీళ్ళూ. మొదటి రెండు మూడు రోజుల చిక్కటి ముర్రుపాలు చెంచాడే వస్తాయి, పాలు పడలేదని కంగారుపడి డబ్బా తెప్పించకు, ఆ చెంచాడు చాలు ఆ కడుపుకు.

ఇప్పటిదాకా రాసినదంతా వేరే ఎవరైనా చెబుతారు. దీనికి మాత్రం నేనే రాయాలి. మీ అమ్మకు కూడా సగమే తెలుసు.

మీ అన్నకు, అదే నా కొడుక్కి, చిన్నప్పుడు జ్వరం వచ్చి చెవులు పోయాయని కదా నీకు చెప్పాం. నీ పెళ్ళిలో మేళం హోరెత్తుతుంటే వాడు చెవి మెషిన్ తీసి జేబులో వేసుకుని హాయిగా కూర్చున్నాడు, పీటల మీది నుంచి చూసి నువ్వు నవ్వావు. జ్వరం కాదు అమ్మణ్ణీ.

1983లో మీ పెదనాన్నకు పాకాల జంక్షన్లో ఉద్యోగం. నాకు 20 ఏళ్ళు. మా అమ్మ అప్పుడు మంచం మీద ఉంది, అందుకని నేనూ నీలాగే పుట్టింటికి వెళ్ళకుండా రైల్వే క్వార్టర్స్‌లోనే ఉండిపోయా. మూడో రోజుకు బిడ్డ కళ్ళు పచ్చబడ్డాయి. అందరి పిల్లలకూ వస్తాయి, పొద్దుటి ఎండలో పెట్టు అన్నారు పక్కింటివాళ్ళు. పెట్టాను. రెండు రాత్రులు ఏడ్చి చంపినవాడు నాలుగో రోజు నుంచి ఏడుపు మానేశాడు. పాలకు లేపితే రెండు గుక్కలు తాగి మళ్ళీ నిద్ర. చూడ్డానికి వచ్చినవాళ్ళంతా "ఎంత బుద్ధిమంతుడో, తల్లిని సతాయించడు" అన్నారు. నేను మురిసిపోయాను. ఈ మాట రాయడానికి నాకు 40 ఏళ్ళు పైనే పట్టింది. మురిసిపోయి, నిద్ర దొరికింది కదా అని వాడి పక్కనే పడుకుని ఒక రాత్రి ఆరు గంటలు లేవలేదు.

ఆరో రోజు ఒళ్ళు తుడుస్తుంటే అరికాళ్ళు పచ్చగా కనిపించాయి. ఎవరో పసుపు రాశారనుకుని తుడిచాను. పోలేదు. ఇంకాస్త గట్టిగా తుడిచాను. అప్పుడు ఏడ్చాడు చూడు, అది మామూలు ఏడుపు కాదు, సన్నగా కీచుమని, ఒళ్ళంతా విల్లులా వెనక్కి వంచి. ఆ రాత్రే మీటర్ గేజ్ బండిలో కాట్పాడికి, అక్కణ్ణుంచి రాయవేలూరు ఆసుపత్రికి. దారి పొడుగునా బండి ఆగిన ప్రతి స్టేషన్లో వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకున్నా. అక్కడ వాడి రక్తం తీసి వేరే రక్తం ఎక్కించారు, నీలం లైటు కింద పెట్టారు. బతికాడు. రెండేళ్ళు వచ్చినా పిలిస్తే తిరిగి చూడకపోతే అప్పుడు తెలిసింది, కామెర్లు మరీ ఎక్కువైతే ఆ పచ్చదనం మెదడు దాకా పోతుందని, వినికిడి నరాన్ని కొడుతుందని.

నాది ఓ గ్రూపు రక్తం, వాడిది బి. తల్లి ఓ గ్రూపయి, బిడ్డది ఏ గానీ బి గానీ అయితే కొందరికి కామెర్లు త్వరగా, ఎక్కువగా వస్తాయట. నీదీ ఓ గ్రూపే. మొన్న మీ అమ్మ ఫోన్లో రిపోర్టు చదువుతుంటే విన్నాను, అప్పట్నుంచి నాకు టెన్షన్.

భయపెట్టడానికి కాదు ఇదంతా. సగం మందికి పైగా పిల్లలకు మొదటి వారంలో కాస్త పచ్చదనం వస్తుంది, చాలామందికి దానంతట అదే పోతుంది. నువ్వు చేయాల్సిందల్లా, ఇంటికి పంపే ముందు బిడ్డ బ్లడ్ గ్రూపు, కామెర్ల పరీక్ష చేశారా అని నోరు తెరిచి అడగడం. మూడో రోజుకో ఐదో రోజుకో మళ్ళీ తీసుకెళ్ళి చూపించడం. రోజూ పగటి వెలుతురులో వేలితో చర్మం నొక్కి చూడు. మొదటి 24 గంటల్లోనే పచ్చబడినా, అరచేతులకు అరికాళ్ళకు పాకినా, పాలకు లేవకపోయినా ఆ పూటే వెళ్ళిపోవాలి. ఎండలో పెట్టి కూర్చోకు, ఎండ ఆ నీలం లైటుకు సాటి రాదు, పైగా మీ ఊరి ఎండకు లేత చర్మం కమిలిపోతుంది.

పగలూ రాత్రీ కలిపి 8 నుంచి 12 సార్లు పాలు తాగాలి. మొదటి రోజుల్లో మూడు గంటలు దాటి నిద్రపోతుంటే అరికాలు గిల్లి లేపు, పాపం అనుకోకు. వారం వచ్చేసరికి రోజుకు ఆరు గుడ్డలైనా తడపాలి, మీ ఆయనకు ఒక నోటుబుక్కు ఇచ్చి లెక్క రాయమను, ఉద్యోగంలో లెక్కలే కదా చేసేది. ఒళ్ళు వేడి 100.4 దాటినా, మరీ చల్లబడినా, డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీసినా, తెల్లారనీ అనుకోవద్దు, 108కి కొట్టండి.

మీ అన్నకు పోయిన సంక్రాంతికి చెప్పాను ఇదంతా. కాగితం మీద రాసి ఇచ్చాను, ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం లేక. చదివి మడిచి జేబులో పెట్టుకుని, "అప్పటికి నువ్వే చిన్నపిల్లవి కదమ్మా" అని టీ పెట్టడానికి వెళ్ళాడు. ఇంకేం అనలేదు. నీకు తెలిసినట్టు వాడి దగ్గర ఎత్తొద్దు.

మీ పెదనాన్న పాత పంచెలు నాలుగు ఉడకబెట్టి ఉతికి, చదరాలుగా చింపి మిద్దె మీద ఎండేశాను. డైపర్లు రాత్రికి వాడుకో, పగలు ఇవి. కాన్పు తేదీకి ముందు రోజు బస్సెక్కుతా. నీళ్ళు పోయను, ఏమీ చెప్పను, వంట చేసి పెట్టి మధ్యమధ్యలో అరికాళ్ళు చూస్తా, అంతే. ఆ వెనక గది కిటికీ బిగుసుకుపోయి తెరుచుకోవడం లేదన్నావు కదా, నేను వచ్చేలోపు మీ ఆయన్ను బాగు చేయించమను.

మీ పెద్దమ్మ