10 మంది ఇచ్చిన 5 స్టార్లు నమ్మాలా, 2,000 మంది ఇచ్చిన 4.3 నమ్మాలా?

ప్రశ్న: మిక్సీ కొందామనుకుంటున్నాను. ఒకదానికి పదే పది రేటింగ్‌లు, అన్నీ 5 స్టార్లే. ఇంకోదానికి 2,000 రేటింగ్‌లు, సగటు 4.3. ధర ఇంచుమించు ఒకటే. దేన్ని నమ్మాలి?

జవాబు: రెండోదాన్నే అండి. హైదరాబాదులో ఒక ఆన్‌లైన్ షాపింగ్ సంస్థలో (పేరెందుకులెండి) దొంగ రేటింగ్‌లు ఏరి పారేసే టీమ్‌లో కొన్నేళ్లు పనిచేశాను. ముందు లెక్క చెప్పి, ఆ తర్వాత లెక్కకు అందని సంగతులు చెబుతాను.

4, 5 స్టార్లు ఇచ్చినవాళ్లను ‘బాగుంది’ కింద, మిగతావాళ్లను ‘బాలేదు’ కింద వేసుకుందాం. 2,000 మందిలో 1,900 మంది బాగుందన్నారనుకోండి. ఆడున్ యోసాంగ్, రోస్లాన్ ఇస్మాయిల్ అనే పరిశోధకులు 2002లో చెప్పిన బీటా పద్ధతిలో, ఏ వస్తువుకైనా ఒక ‘బాగుంది’, ఒక ‘బాలేదు’ ముందే ఊరికే వేసేసి లెక్క మొదలుపెడతారు. కాబట్టి ఎవరూ ఏమీ చెప్పని కొత్త సరుకుకు 2లో 1, అంటే సగం నమ్మకం. ముగ్గురే చెప్పి ముగ్గురూ మెచ్చుకుంటే 80 శాతం. పదికి పది వచ్చిన మీ మొదటి మిక్సీకి 12లో 11, అంటే సుమారు 92 శాతం. రెండోదానికి 2,002లో 1,901, దాదాపు 95 శాతం. వంద మంది పెదవి విరిచినా అదే ముందుంది.

ఈ లెక్క నిలవాలంటే ఆ చెప్పినవాళ్లంతా నిజంగా కొని, వాడి, మనసులో మాట చెప్పినవాళ్లై ఉండాలి. చిక్కంతా అక్కడే. మా టీమ్‌లో ఎన్ని స్టార్లు వచ్చాయన్నది ఎవరూ పెద్దగా పట్టించుకునేవాళ్లు కాదు. ఆ స్టార్లు పుట్టించడానికి ఎంత ఖర్చయి ఉంటుంది అన్నదే మా ప్రశ్న. పది రేటింగ్‌లకు ఖర్చేముంది? బావమరిది, తోడల్లుడు, వాళ్ల పిల్లల ఫోన్లు చాలు. రెండు వేలు దొంగవి పుట్టించాలంటే ఎక్కడో ఒకచోట అతుకు బయటపడుతుంది. అకౌంట్లన్నీ ఒకే వారంలో తెరిచి ఉంటాయి. అర్ధరాత్రి గంటసేపట్లో వరసపెట్టి పొగడ్తలు పడతాయి. ఇరవై మంది వేర్వేరు మనుషులు ఒకే మాటను ఒకే అక్షరదోషంతో రాస్తారు!

ఇవి సులువుగా దొరికేవి. పెట్టెలో చీటీ పెట్టేవాళ్లతోనే తలనొప్పి. ‘5 స్టార్లు ఇచ్చి స్క్రీన్‌షాట్ వాట్సాప్ చేయండి, 100 రూపాయలు వెనక్కి’ అని ఉంటుంది. రాసినవాళ్లు నిజంగా డబ్బు పెట్టి కొన్నవాళ్లే కాబట్టి ‘వెరిఫైడ్’ ముద్ర కూడా దర్జాగా పడుతుంది. ఇంకో ఎత్తు చూడండి. ఫోన్ కవర్లు అమ్మి వేల రేటింగ్‌లు పోగేశాక, అదే పేజీలో పేరూ ఫొటోలూ మార్చి ఇయర్‌ఫోన్లు పెడతారు. పైన ఇయర్‌ఫోన్లు, కింద రివ్యూల్లో ‘నా ఫోన్‌కి సరిగ్గా సరిపోయింది’ అన్న మాటలు.

మరో రకం వ్యాపారి చవక సరుకులు నెలల తరబడి నిజాయితీగా అమ్మి పేరు తెచ్చుకుంటాడు. పండగ సేల్ రాగానే ఖరీదైన ఫోన్లు పెట్టి, డబ్బు చేతికందగానే మాయమవుతాడు. ఊళ్లో పదేళ్లు చీటీలు సక్రమంగా నడిపి, ఓ రాత్రి ఇంటికి తాళమేసి పోయే పెద్దమనిషి లాంటివాడే. కాకపోతే చీటీలాయన మళ్లీ ఆ ఊళ్లో మొహం చూపించలేడు. ఆన్‌లైన్లో కొత్త పేరుతో మళ్లీ దిగొచ్చు. ఎరిక్ ఫ్రీడ్‌మన్, పాల్ రెస్నిక్ 2001లో రాసిన పరిశోధనాపత్రం దీని గురించే: కొత్త పేరు ఊరికే దొరికే చోట కొత్తవాళ్లందరినీ అనుమానంగానే చూడాల్సి వస్తుంది, ఆ నష్టం నిజాయితీగా వచ్చినవాళ్లకూ తగులుతుంది. ఎంత నష్టమో రెస్నిక్ బృందం 2006లో అచ్చయిన ప్రయోగంలో కొలిచింది. ఈబే అనే అమెరికా ఆన్‌లైన్ సంతలో పేరున్న పాత పోస్టుకార్డుల వ్యాపారి చేత ఒకే తరహా కార్డులను సొంత పేరుతోనూ, కొత్తగా తెరిచిన పేర్లతోనూ అమ్మించారు. పాత పేరుకు కొనుగోలుదారులు 8 శాతం ఎక్కువ ఇవ్వడానికి సిద్ధపడ్డారు.

మన దగ్గర అమ్మేవాళ్లను జీఎస్టీ నంబరు, బ్యాంకు ఖాతా అడుగుతారు కాబట్టి వాళ్లకు కొత్త పేరు కొంత కష్టమే. రివ్యూ రాసేవాడికి మాత్రం ఒక సిమ్ చాలు. ఒక్కడే వందమందిగా కనబడే ఈ మోసాన్ని సిబిల్ దాడి అంటారు (అప్పులిచ్చేటప్పుడు చూసే సిబిల్ స్కోరు వేరు). గుర్తింపు చూసి ముద్ర వేసేవాళ్లు ఎవరూ లేకపోతే దీన్ని పూర్తిగా ఆపడం కుదరదని మైక్రోసాఫ్ట్ పరిశోధకుడు జాన్ డూసర్ 2002లోనే చెప్పాడు. 2003లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు తెచ్చిన ఐగెన్‌ట్రస్ట్ అనే లెక్క పద్ధతిలో, మంచిపేరున్నవాడి మాటకు ఎక్కువ బరువు, ఊరూపేరూ లేనివాడి మాటకు తక్కువ బరువు. అదీ గాల్లోంచి మొదలవలేదు, ముందే నమ్మదగ్గవాళ్లని ఎంచుకున్న కొందరితో లెక్క ప్రారంభించాల్సి వచ్చింది. మేమూ అంతే, ఏళ్ల తరబడి కొంటున్నవాళ్ల మాటకే బరువు ఎక్కువ వేసేవాళ్లం.

దొంగవాళ్లు లేకపోయినా అంకెలు ఉబ్బుతాయి. ఈబే 1996లో కొన్నవాళ్లూ అమ్మినవాళ్లూ ఒకరికొకరు మార్కులు వేసుకునే ఏర్పాటు పెట్టింది. 1999 నాటి లావాదేవీలు పరిశీలిస్తే, కొన్నవాళ్లు వేసిన మార్కుల్లో 99 శాతం మెచ్చుకోళ్లే. అంత మంచి సంత భూమ్మీద ఎక్కడా ఉండదు కదా! నేను తిడితే వాడూ నన్ను తిడతాడన్న భయం కూడా అందులో ఉంది. అందుకే 2008లో అమ్మేవాళ్లు కొన్నవాళ్లకు చెడ్డ మార్కు వేయకుండా ఆపేశారు. ఇళ్లు, గదులు అద్దెకిప్పించే ఎయిర్‌బీఎన్‌బీ 2014లో ఇంకో దారి పట్టింది: ఇద్దరూ రాసేదాకా, లేదా 14 రోజుల గడువు ముగిసేదాకా ఎవరి రివ్యూ ఎవరికీ కనబడదు.

మనకు భయం కంటే మొహమాటం ఎక్కువ. డెలివరీ అబ్బాయి గుమ్మంలో నిలబడి ‘అన్నా, ఫైవ్ స్టార్ ఇవ్వన్నా’ అంటే 3 ఎవరు నొక్కుతారు? నేనూ 5 నొక్కుతాను, ఇకముందూ నొక్కుతాను. అది అతని పొట్టకూటి సంగతి. కాబట్టి మనుషులకిచ్చే 4.7కీ, మిక్సీకిచ్చే 4.7కీ పోలిక లేదు.

కొనేటప్పుడు నేను సగటు చూడను. కొత్తవి ముందొచ్చేలా పెట్టుకుని 2, 3 స్టార్ల రివ్యూలు చదువుతాను, డబ్బిచ్చి రాయించుకునేవాళ్లు అక్కడికి రారు. ‘సూపర్’, ‘వేస్ట్’ అనేవి వదిలేసి, వాడితే తప్ప తెలియని మాట కోసం వెతుకుతాను. గారెల పిండి రుబ్బితే మోటారు వాసన వస్తోందనో, చట్నీ జారు కింద కప్లర్ అరిగిపోయిందనో, సర్వీసువాడు మా ఊరికి రానన్నాడనో రాస్తే అది కొన్నవాడి బాధే. ఒకే లోపం నలుగురు చెబితే ఆ మిక్సీ వదిలేయండి, 4.3 ఉన్నా సరే. ఇవన్నీ చూశాకే రెండోది కొనండి.

చట్టం సంగతి అడుగుతారేమో. మన దేశంలో భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో ఐఎస్ 19000 పేరుతో రివ్యూలకు నియమాలు ప్రకటించింది, కానీ స్వచ్ఛందంగా పాటించేలా. అమెరికాలో దొంగ రివ్యూల అమ్మకం, కొనుగోలు నిషేధించే నిబంధన 2024 అక్టోబరులో అమల్లోకి వచ్చింది.

చివరిగా, మీరడగకపోయినా ఒక మాట. ‘ఇంట్లో కూర్చుని హోటళ్లకు 5 స్టార్లు ఇవ్వండి, ఒక్కోదానికి 150 రూపాయలు’ అని వాట్సాప్‌లోనో టెలిగ్రామ్‌లోనో మెసేజ్ వస్తే జవాబు కూడా ఇవ్వకండి. మొదట రెండు మూడు సార్లు నిజంగానే డబ్బు వేస్తారు, మన దగ్గర వాళ్ల రేటింగ్ పెంచుకోవడానికే. తర్వాత పెద్ద టాస్క్ అంటూ మన చేతే డిపాజిట్ కట్టించుకుంటారు, తీసుకోబోతే ఇంకాస్త కట్టమంటారు. చదువుకున్నవాళ్లే ఇందులో లక్షలు పోగొట్టుకున్నారు. ఇప్పటికే కట్టి ఉంటే మొహమాటపడకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు బ్యాంకులో ఆపడానికి అంత అవకాశం ఉంటుంది.