పాత కాగితాల మధ్యకు వెళ్తున్న చిన్నీకి

చిన్నీ,

పాత చేతిరాత ప్రతులను బాగుచేసే పనిలో చేరుతున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చెబుతుంటే వాడి గొంతులో ఎంత గర్వమో! నాకూ అంతే. ఇరవై ఏడేళ్ళు రికార్డు గదిలో పనిచేసినదాన్ని. పురుగు తిన్న అంచు పొడైపోకుండా ఒక్క కాగితం తిప్పడానికి ఎంత ఓర్పు కావాలో నాకు తెలుసు. నీ వేళ్ళకు ఆ ఓర్పు ఉంది. ఫోన్ పెట్టేశాక మాత్రం నీ ముక్కు గుర్తొచ్చింది. చిన్నప్పుడు ఎవరైనా పక్క గదిలో దుప్పటి దులిపితే చాలు, ఇక్కడ నీకు ఆగకుండా తుమ్ములు. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

మాస్క్ వేసుకో, గుడ్డది కాదు, ఎన్‌95. బూజు పట్టిన పెట్టెను గాలి లాగే యంత్రం ఉన్న చోటే తెరువు. ఇంటికి రాగానే బట్టలు మార్చుకో. ఇవన్నీ అక్కడ వాళ్ళే నేర్పుతారు. వాళ్ళు నేర్పనిది నేను రాస్తాను.

ముఖం ఎముకల్లో నాలుగు జతల గాలి గదులుంటాయి. బుగ్గల్లో, నుదుట్లో, కళ్ళ మధ్య, ఇంకా వెనగ్గా పుర్రె లోతులో. వాటినే సైనస్‌లంటాం. వాటి గోడలు రోజంతా పలచటి జిగురు ఊరుస్తాయి. కంటికి కనిపించనంత సన్నటి నూగు ఆ జిగురును నెమ్మదిగా నెట్టుకుంటూ తెచ్చి ముక్కులో పడేస్తుంది. బుగ్గ గదికి ద్వారం అడుగున ఉండదు, పైన ఉంటుంది. అంటే మనం నిలబడి ఉన్నంతసేపూ ఆ నూగు జిగురును ఎత్తు ఎక్కిస్తూనే ఉండాలి. ద్వారమా, కొన్ని మిల్లీమీటర్లే. అలర్జీతో ముక్కు లోపలి పొర ఉబ్బిందంటే ఆ కాస్త సందూ మూసుకుపోతుంది. జిగురు లోపల నిలవ ఉండిపోతుంది. సూక్ష్మజీవులకు కావాల్సింది అదే.

అలర్జీ ఉన్న అందరికీ సైనస్ ఇన్ఫెక్షన్ రాదు. మామూలు జలుబుతోనూ రావచ్చు, ముక్కు దూలం వంకరగా ఉన్నా, లోపల పాలిప్స్ అనే మెత్తటి కండలు పెరిగినా, పై పంటి వేరుకు చీము పట్టినా రావచ్చు. కానీ నీకు ముందునుంచీ ఉన్నది అలర్జీ, ఇప్పుడు వెళ్తున్నది దుమ్ములోకీ బూజులోకీ. అందుకే భయం.

నేను చేసిన తప్పు నువ్వు చెయ్యకూడదు. రికార్డు గదిలో చేరిన మూడో ఏడు అది. దుమ్ములో పని, తుమ్ములు రాక ఏమొస్తాయి అనుకుని వాటిని పట్టించుకునేదాన్ని కాదు. ముక్కు దిబ్బడ మాత్రం పని చెయ్యనిచ్చేది కాదు. ఎవరో చెబితే చుక్కల మందు కొన్నాను, జైలోమెటజోలిన్. వేసుకున్న ఐదు నిమిషాలకు రెండు వైపులా తెరుచుకుంది. ఎన్నాళ్ళ తరవాతో గాలి చల్లగా లోపలికి వెళ్ళింది. ఆ హాయే నన్ను ముంచింది. మూడు నుంచి ఐదు రోజులకు మించి ఆ చుక్కలు వాడకూడదు. ఆ సంగతి మందుతో వచ్చిన కాగితంలోనే ఉంటుంది. రోజంతా వెలిసిపోయిన అక్షరాలు కూడబలుక్కుని చదివేదాన్ని, ఆ కాగితం విప్పి చదవలేదు.

ఆ మందు ముక్కులోని రక్తనాళాలను బిగించి వాపు దించుతుంది. దాని పట్టు వదలగానే అవి మళ్ళీ ఉబ్బుతాయి. రోజూ వాడేకొద్దీ ఇంకా ఎక్కువ ఉబ్బుతాయి. పొద్దునా రాత్రీ వేసుకునేదాన్ని, రెండు నెలలు తిరిగేసరికి మూడు గంటలకోసారి వేసుకోసాగాను. తలగడ కింద ఒక సీసా, చేతిసంచిలో ఒకటి, బల్ల సొరుగులో ఒకటి. ఒక రాత్రి రెండింటికి మెలకువ వచ్చి తలగడ కింది సీసా నొక్కితే ఉత్త గాలే వచ్చింది. మూత ఊడదీసి, లోపల కాసిని నీళ్ళు పోసి, ఊపి, అవే ముక్కులో వేసుకున్నాను. అదీ పనిచెయ్యలేదు. చీకట్లో మంచం అంచున కూర్చుని నోటితో ఊపిరి తీసుకుంటూ దుకాణం ఎప్పుడు తెరుస్తారా అని తెల్లారేదాకా గడియారం చూశాను. ఎనిమిది నెలలు అలాగే గడిచాయి.

ఆ ఎనిమిది నెలల్లో మూడుసార్లు బుగ్గ సైనస్‌కు ఇన్ఫెక్షన్ వచ్చింది. మొదటిసారి పంటి నొప్పనుకున్నాను. కుడివైపు పై పళ్ళు, మెట్లు దిగుతుంటే అడుగడుక్కీ పోటు. పళ్ళ డాక్టరు ఎక్స్‌రే తీసి, పళ్ళకేం లేదు, బాగానే ఉన్నాయన్నాడు. ఆ పళ్ళ వేళ్ళు బుగ్గ సైనస్ అడుగుకు ఆనుకుని ఉంటాయని అప్పుడే తెలిసింది. యాంటీబయాటిక్ వాడితే తగ్గింది. నెలన్నరకు మళ్ళీ మొదలు. మళ్ళీ వాడాను. మూడోసారి డాక్టరును కూడా అడక్కుండా ఇంట్లో మిగిలిన మాత్రలు నేనే వేసుకున్నాను. చివరికి ఒక ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్తే, ఆవిడ లైటు వేసి ముక్కులోకి చూసి, "చుక్కల సీసా ఎక్కడుంది, తీసి ఇక్కడ పెట్టండి" అంది. నేనింకా ఏమీ చెప్పలేదు. సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాను. "ఇన్ఫెక్షన్‌కు మూడుసార్లు మందు వాడారు సరే, అలర్జీకి ఒక్కరోజైనా వాడారా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ముక్కులో అలర్జీ వాపును మెల్లగా దించే స్టెరాయిడ్ స్ప్రే మొదలుపెట్టించి, చుక్కలు ముందు ఒక ముక్కురంధ్రానికి, అది తేరుకున్నాక రెండోదానికి మాన్పించింది. మొదటి వారం రాత్రుళ్ళు కూర్చునే నిద్రపోయాను. మీ నాన్న రోజూ సాయంత్రం వచ్చి పక్కన కూర్చునేవాడు, ఏమీ మాట్లాడేవాడు కాదు.

అందుకే డాక్టరు నీకూ ఆ స్ప్రే రాస్తే, దాన్ని చుక్కల మందులా చూడకు. దానితో ఐదు నిమిషాల్లో ముక్కు తెరుచుకోదు. పూర్తిగా పనిచెయ్యడానికి రెండు వారాలు కూడా పడుతుంది, ఆ రెండు వారాలు ఓపిక పట్టు. తల కాస్త ముందుకు వంచు, కుడిచేత్తో ఎడమ రంధ్రంలోకి, ఎడమచేత్తో కుడిదాంట్లోకి కొట్టుకో. అప్పుడు మందు మధ్య దూలానికి తగలకుండా పక్క గోడకు పోతుంది, రక్తం కారే భయం తగ్గుతుంది. గట్టిగా ఎగపీల్చకు, గొంతులోకి దిగిపోతుంది. అలర్జీ మాత్ర వేసుకోవాల్సి వస్తే నిద్ర తెచ్చే పాతరకం వద్దని అడుగు. మత్తు కళ్ళతో చేతిలో సన్నకత్తి పట్టుకుని రెండు వందలేళ్ళ కాగితం ముందు కూర్చోకూడదు.

సాయంత్రం ఉప్పునీటితో ముక్కు కడుక్కుంటే ఆ రోజు పట్టిన దుమ్మంతా పోతుంది. కానీ కొళాయి నీళ్ళు నేరుగా వాడావంటే నేను ఊరుకోను. కనీసం ఒక నిమిషం తెర్లేలా మరిగించి చల్లార్చిన నీళ్ళో, డిస్టిల్డ్ వాటరో మాత్రమే. మింగితే హాని చెయ్యని నీళ్ళలోనూ అరుదుగా ఒక అమీబా ఉంటుంది. అది ముక్కులోంచి మెదడుకు ఎక్కితే మనిషి బతకడం కష్టం. వాడిన సీసా కడిగి ఆరబెట్టు.

ఏది అలర్జీయో, ఏది ఇన్ఫెక్షనో ఎలా తెలుస్తుందంటావా? ముక్కు దురద, కళ్ళ దురద, వరస తుమ్ములు, నీళ్ళలా కారడం, జ్వరం లేకపోవడం, ఇదంతా అలర్జీ. చీమిడి పసుపుగానో ఆకుపచ్చగానో మారగానే యాంటీబయాటిక్ కోసం పరిగెత్తకు, మామూలు జలుబులోనూ అలా మారుతుంది. పది రోజులు దాటినా ఏమాత్రం తగ్గకపోయినా, తగ్గినట్టే తగ్గి మళ్ళీ తిరగబెట్టినా, 102 డిగ్రీల జ్వరంతో పాటు చిక్కటి చీమిడీ ముఖం నొప్పీ మూడు నాలుగు రోజులు వదలకపోయినా అప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్ళు. పన్నెండు వారాలు దాటి సాగితే అది ఇంకో రకం జబ్బు, స్కాన్ తీసి చూడాల్సిందే.

ఇంకొకటుంది, ఇది రాయడానికే నాకు చెయ్యి వణుకుతుంది. మీ నాన్నకు తొమ్మిదేళ్ళప్పుడు, వారం రోజుల జలుబు తరవాత ఒక పొద్దున ఎడమ కంటి రెప్ప ఉబ్బి లేచాడు. ఏదో పురుగు కుట్టిందనుకున్నాం. మధ్యాహ్నానికి రెప్ప ఎర్రగా, నున్నగా మెరుస్తూ కన్ను పూర్తిగా మూసుకుపోయింది. నేను వేళ్ళతో రెప్ప ఎత్తి "ఇవెన్ని?" అని రెండు వేళ్ళు చూపిస్తే వాడు "నాలుగు" అన్నాడు. అప్పుడు పరిగెత్తాం. కళ్ళ మధ్య సైనస్‌కూ కంటి గూటికీ అడ్డం కాగితమంత పలచటి ఎముకేనట, చీము అటు పాకింది. అదే రోజు ఆసుపత్రిలో చేర్చి నరానికి మందు ఎక్కించబట్టి చూపు దక్కింది. ఇప్పటికీ వాడికి జలుబు చేస్తే ముందు కళ్ళే చూస్తాను. కంటి చుట్టూ వాపు వచ్చినా, ఒకటి రెండుగా కనిపించినా, భరించలేని తలనొప్పి వచ్చినా, మెడ బిగుసుకున్నా తెల్లారేదాకా ఆగకు. ఎవరికీ ఇబ్బంది అనుకోకుండా ఏ వేళైనా ఎమర్జెన్సీకి వెళ్ళు.

చేరేలోపే అలర్జీ పరీక్ష చేయించుకో. నీకు పడనిది ధూళి పురుగులా, బూజా, పుప్పొడా తేలిపోతుంది. ధూళి పురుగులకైతే, పడని పదార్థాన్నే కొద్దికొద్దిగా ఇచ్చి ఒంటికి అలవాటు చేసే చికిత్స ఉంది. 1911లోనే లండన్‌లో లెనార్డ్ నూన్ అనే డాక్టరు గడ్డి పుప్పొడితో దాన్ని మొదలుపెట్టాడు. మూడు నుంచి ఐదేళ్ళు పడుతుంది, ఇంజెక్షన్ చేసిన ప్రతిసారీ అరగంట అక్కడే కూర్చోవాలి. నీ వయసులో ఎవరైనా నాకు చెప్పి ఉంటే చేయించుకునేదాన్ని. బూజు విషయంలో మాత్రం దాని మీద అంత నమ్మకం పెట్టుకోకు, అక్కడ మాస్కే గతి. రాత్రిళ్ళు దగ్గొచ్చినా, ఛాతీలో పిల్లికూతలు వినిపించినా డాక్టరుకు తప్పకుండా చెప్పు, అలర్జీ ముక్కూ ఉబ్బసమూ చాలాసార్లు కలిసే ఉంటాయి.

ఇంత రాశానని పని మానేస్తావేమో, మానకు. ఆ కాగితాలు నీలాంటి చేతుల కోసమే ఇన్నాళ్ళు మిగిలాయి. మొదటి పెట్టె తెరిచిన రోజు సాయంత్రం నాకు ఫోన్ చెయ్యి. అందులో ఏముందో చెప్పు. నీ ముక్కు పట్టేసిందో లేదో నేను అడగను, గొంతు వింటే నాకే తెలిసిపోతుంది.

మీ అత్త