ఏటిగట్టు మీది ఇంటి నుంచి

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. మీ ఇంటి ముందు పారే గోదావరి పాయ గౌతమి గురించి నువ్వు రాసి పంపిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. నీ భాష బాగుంది. వాక్యాన్ని ఎక్కడ ఆపాలో నీకు తెలుసు, అది ఒకరు నేర్పితే వచ్చే విద్య కాదు. నా అభ్యంతరం ఒక్కటే. ఆ వ్యాసంలో ఉన్నది మీ వాకిట్లోంచి కనిపించే గోదావరి కాదు, మనమంతా పాఠ్యపుస్తకాల్లో చదువుకున్న గోదావరి. అందుకే ఈ ఉత్తరం కొంచెం పెద్దదవుతోంది.

"ఆషాఢ మేఘాలు కురిశాయి, గోదావరి ఉప్పొంగింది" అని రాశావు. ఏటిగట్టు మీద పుట్టి పెరిగిన పిల్ల రాయవలసిన వాక్యం కాదది. నాసిక్ దగ్గర త్ర్యంబకేశ్వరంలో పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచివచ్చే నది మన ఊరి వానకు పొంగదు. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి మోసుకొచ్చే నీరే మనకు వరదగా దిగుతుంది. నలభై ఏళ్లుగా ఇటు మరో పాయ వశిష్ఠ ఒడ్డున ఉంటున్నాను. ఇక్కడ ఎండ కాస్తూ, పెరట్లో వడియాలు ఎండుతూ ఉండగా ఎర్రనీరు రావడం ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. మొదట నడి ఏట్లో సన్నటి ఎర్ర చార కనిపిస్తుంది. అటూ ఇటూ నీరు ఇంకా ఆకుపచ్చగానే ఉంటుంది. సాయంత్రానికి ఆ చార వెడల్పవుతుంది, మర్నాటికి రేవులో ముంచిన బిందె అడుగున ఒండ్రు పేరుకుంటుంది. ఆ తరువాత లంకల్లోంచి తెగివచ్చిన గుర్రపుడెక్క పచ్చటి చాపల్లా కొట్టుకొస్తుంది, వాటి మీద నిలబడి తెల్లకొంగలు దిగువకు ప్రయాణం చేస్తుంటాయి. సముద్రంలోని ఇలస చేప ఈ కొత్తనీటికే ఎదురీది వచ్చి మన దగ్గర పులస అవుతుంది. ఇవన్నీ నీ కళ్ల ముందే జరుగుతాయి. వీటిలో ఒక్కటీ నీ వ్యాసంలో లేదు.

ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక అని, 13 లక్షలకు రెండోదని, 17 లక్షలకు మూడోదని నీకు తెలిసే ఉంటుంది. ఆ అంకె మీ రేవులో ఏ మెట్టుకు సమానమో నీకు తెలుసా? నేను ప్రతి వరదకూ మెట్ల లెక్క రాసుకుంటాను. మా రేవుకు పద్నాలుగు మెట్లు. 1986 ఆగస్టులో, ఆనకట్ట మీదుగా 35 లక్షల క్యూసెక్కులు దిగినప్పుడు, లెక్కపెట్టడానికి మెట్లే మిగలలేదు. అప్పుడు గట్టు అంచున పాతిన వెదురు బొంగుకు మా అమ్మ కట్టిన పసుపుగుడ్డే నా కొలత. పత్రికలో వచ్చే అంకె లోకానికంతటికీ ఒక్కటే, మెట్టు మాత్రం నీది. రచనకు పనికివచ్చేది ఆ మెట్టే.

ఇక పిట్టల సంగతి. కార్తిక మాసపు తెల్లవారుజామున నీ వ్యాసంలో కోయిల "తన గొంతు విప్పింది", "ఆమె పాట" ఏటి మీద తేలింది. కార్తికంలో కోయిల అసలే కూయదని నేను అనను. కానీ ఆ తెల్లవారుజామున నువ్వు దాన్ని విన్నావా? మనం ఎరిగిన ఆ కుహూ కుహూ మగపిట్టది, నల్లగా నిగనిగలాడేది అదే. ఆడకోయిల ఒంటి నిండా చుక్కలుంటాయి, దాని అరుపు వేరు. చకోరం వెన్నెల తాగుతుందనీ, హంస పాలను నీటినీ వేరు చేస్తుందనీ చెప్పే కవిసమయాల అందాన్ని నేను కాదనను. అవి కావ్యానికి అలంకారాలు. నువ్వు మాత్రం మీ ఇంటి గురించి రాస్తున్నావు.

ఈ తప్పు నేనూ చేశాను. నా తొలి రోజుల్లో గిజిగాడి మీద వ్యాసం రాస్తూ, పిల్లల కోసం గూడు అల్లే తల్లి ఓర్పును ఒక పేజీ నిండా వర్ణించాను. అది అచ్చయ్యాక, మా తాడిచెట్లు ఎక్కే గీత కార్మికుడొకాయన దాన్ని చదివించుకుని విని, "అల్లేది పసుపు తల ఉన్న మగదండీ, ఆడది వచ్చి చూసి పోద్ది" అన్నాడు. ఆ ఏడాది వానలు పడ్డాక నెల రోజులు ఆ చెట్టు కింద కూర్చున్నాను. మగపిట్ట ఆకు అంచున ముక్కుతో గాటు పెట్టి, దాన్ని పట్టుకుని ఎగిరిపోతుంటే పొడవాటి నార చీలివస్తుంది. గూడు సగమై గంటలా వేలాడుతున్నప్పుడు ఆడపిట్ట వచ్చి లోపల అటూ ఇటూ లాగి చూస్తుంది. నచ్చకపోతే పోతుంది, అతను మరో గూడు మొదలుపెడతాడు. నేను ఊహించిన తల్లి కంటే ఈ సంగతి ఎంత గొప్పదో చూడు. ఆయనకు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

వేసవిని నువ్వు రెండు వాక్యాల్లో దాటేశావు, "ఏరు ఎండి బోసిపోయింది" అన్నావు. బోసిపోలేదమ్మా. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో ఇసుక తిప్పల మీదికి చూడు. తీతువు పిట్ట గూడంటూ కట్టకుండా, గులకరాళ్లలో గులకరాళ్లలా కనిపించే గుడ్లను నేల మీదే పెడుతుంది. మిట్టమధ్యాహ్నం అది నీటి అంచుకు వచ్చి, పొట్ట ఈకలు తడిసేలా వంగి కూర్చుని, ఆ తడితో తిరిగి గుడ్ల మీదికి పోవడం నేను మా అరుగు మీంచి చూశాను. ఆ ఒక్క మధ్యాహ్నంలోనే ఆరుసార్లు వెళ్లి వచ్చింది. ఊళ్లో దాని అరుపును అపశకునమంటారు. గుడ్ల దగ్గరికి మనిషో కుక్కో వచ్చినప్పుడు అది భయపడి అరిచే అరుపది.

1996 నవంబరు 6 రాత్రి తుఫాను గురించి మీ పెద్దవాళ్లను అడిగి తెలుసుకో. పడిపోయిన కొబ్బరిచెట్ల గురించి అందరూ చెబుతారు. మర్నాడు తెల్లవారాక మా పెరట్లో ఒక్క కాకి అరుపైనా వినిపించలేదని నేను రాసుకునే నోటుపుస్తకంలో ఉంది. మళ్లీ వినిపించిన రోజు తేదీ కూడా ఉంది.

కనుక ఇప్పుడే మరో వ్యాసం రాయకు. వంద పేజీల నోటుపుస్తకం ఒకటి కొనుక్కో. ఆరుద్ర నుంచి ఉత్తర దాకా, "ఉత్తర చూసి ఎత్తర గంప" అని రైతు ఆకాశం వంక చూసే రోజు వరకూ, రోజుకు నాలుగు పంక్తులు రాయి. తేదీ, గాలి ఎటునుంచి వీస్తున్నది, ఎన్నో మెట్టు తడిసింది, ఏ ప్రాణిని ఎక్కడ చూశావు, ఇంతే. పేరు తెలియని పిట్టను పేరు లేకుండానే రంగు, నడక, అరుపు చెప్పి రాయి. ఏమీ కనిపించని రోజున ఏమీ కనిపించలేదని రాయి. ఉపమానం తోస్తే పక్క పేజీలో పెట్టుకో.

ఉత్తర కార్తె వెళ్లాక ఆ పుస్తకాన్నే నాకు పంపు, సాపు చేయకుండా పంపు. మృగశిర వచ్చి నాలుగు రోజులైంది. ఈ ఉదయం ఇక్కడ గాలి పడమటికి తిరిగింది, పై నుంచి పన్నెండో మెట్టు దాకా పొడిగానే ఉంది, ఎర్రనీరు ఇంకా రాలేదు. మీ వైపు వచ్చిందేమో చూసి ఒక కార్డు ముక్క రాయి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు