లెక్క సరే, కొలిచిన వేళ చూసుకో

చిరంజీవి మేనల్లుడికి మీ మామయ్య దీవెనలు.

100 వాట్ల ఫిలమెంట్ బల్బుకి రెసిస్టెన్స్, అంటే కరెంటుకి తగిలే అడ్డు, లెక్క కడితే 529 ఓమ్‌లు వచ్చిందనీ, మీటరు పెడితే 40కి అటూ ఇటూగా చూపిస్తోందనీ, మీటరు పోయిందేమోననీ రాశావు. పాపం, మీటరుని ఏమీ అనకు. నీ లెక్కా తప్పు కాదు. 100ని 230 వోల్టులతో భాగిస్తే 0.435 ఆంపియర్లు, 230ని మళ్లీ దాంతో భాగిస్తే నువ్వన్న 529. కాకపోతే ఆ 529 వెలుగుతున్న బల్బుది. నువ్వు మీటరు పెట్టింది చల్లారిన బల్బుకి. వెలిగేటప్పుడు లోపలి టంగ్‌స్టన్ తీగ దాదాపు 2500 డిగ్రీల సెల్సియస్ మీద ఉంటుంది. వేడెక్కేకొద్దీ రెసిస్టెన్స్ పెరిగి, చల్లగా ఉన్నప్పటికి పది రెట్లు దాటిపోతుంది. స్విచ్ వేసిన క్షణాన మాత్రం ఆ 40 ఓమ్‌లే ఉంటాయి కనక ఐదారు ఆంపియర్లు ఒక్కసారిగా దూకుతాయి. పాత బల్బులు తరచూ స్విచ్ వేయగానే టప్పున పోయేది అందుకే.

వోల్టేజీని కరెంటుతో భాగిస్తే రెసిస్టెన్స్, గుణిస్తే పవర్. ఇది నీకు నోటికొచ్చు, మళ్లీ చెప్పను. నేను చెప్పేదల్లా ఒకటే: ఆ వోల్టేజీ, ఆ కరెంటు రెండూ ఒకే వస్తువువి, ఒకే వేళవి కావాలి. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లలో సూత్రం మర్చిపోయి తప్పు చేసినవాళ్లు తక్కువ. ఎక్కడి వోల్టేజీనో తెచ్చి ఎక్కడి కరెంటుకో ముడిపెట్టినవాళ్లే ఎక్కువ.

నువ్వు గీసి పంపిన ఎల్‌ఈడీ సర్క్యూట్‌లోనూ అదే జరిగింది. 12 వోల్టుల బ్యాటరీ, 20 మిల్లీఆంపియర్లు కదా అని 12ని 0.02తో భాగించి 600 ఓమ్‌లు అన్నావు. ఆ 12లో 2 వోల్టులు ఎల్‌ఈడీయే తీసుకుంటుంది. రెసిస్టర్ మీద పడేది 10. కాబట్టి 500 ఓమ్‌లు, పవర్ 0.2 వాట్లు. పావు వాటు రెసిస్టర్ పెట్టినా నడుస్తుంది గానీ చెయ్యి పెడితే చురుక్కుమంటుంది, అర వాటుది వెయ్యి. నీ పొరపాటుతో కాంతి కాస్త తగ్గుతుందంతే. మిల్లీ మర్చిపోయి 0.02 బదులు 20తో భాగించి ఉంటే అర ఓమ్ వచ్చేది, ఎల్‌ఈడీ ఆ క్షణమే హరీ.

ఇక అసలు సంగతి. ఒకసారి ఒక హీటరు దగ్గర స్క్రూ బిగించిన చోట తీగ తొడుగు గోధుమ రంగుకి తిరిగి, కాలిన వాసన వస్తోంది. తీగ చుట్టూ పట్టి కరెంటు చూపించే టాంగ్ టెస్టర్ వేస్తే 10 ఆంపియర్లు. సప్లై 230. గుణిస్తే 2300 వాట్లు, అది హీటరు లెక్క, నా తీగ ఎందుకు మాడుతోందో అది చెప్పదు. మీటరు తీగ మొన ఒకటి స్క్రూకి ఇవతల తీగ మీద, రెండోది అవతల రేకు మీద పెట్టాను. 4 వోల్టులు చూపించింది. సరైన జాయింట్ అయితే దాదాపు సున్నా ఉండాలి. 4ని 10తో భాగిస్తే 0.4 ఓమ్, 4ని 10తో గుణిస్తే 40 వాట్లు. అంటే సోల్డరింగ్ ఐరన్ ఒకటి తెచ్చి ఆ స్క్రూ కింద దాచిపెట్టినట్టే! లూజ్ కాంటాక్ట్ అంటే ఏమిటో నాకు ఆ రోజు అంకెల్లో కనబడింది. అదే చోట 5 ఆంపియర్లే పోతే వేడి 10 వాట్లకు పడిపోతుంది. కరెంటు సగమైతే వేడి పావు. కరెంటుని కరెంటుతోనే గుణించే ఈ వర్గం లెక్కని శాస్త్రవేత్త జౌల్ 1841లోనే అచ్చు వేయించాడు.

వస్తువు మీద రాసిన వాట్లని కూడా అలాగే నమ్మేయకు. 230 వోల్టులకి 1000 వాట్లు అని ఉన్న హీటరుకి 200 వోల్టులే అందితే, దాంతోపాటు కరెంటూ తగ్గి, సుమారు 756 వాట్లే ఇస్తుంది. మోటార్లకీ ఫ్యాన్లకీ అయితే వోల్టేజీని కరెంటుతో గుణిస్తే వచ్చేవి వాట్లు కావు, వోల్ట్-ఆంపియర్లు. పవర్ ఫ్యాక్టర్, అంటే వాటిలో నిజంగా వాట్లయ్యే వాటా, 0.8 అయితే 1150 వోల్ట్-ఆంపియర్లలో 920 మాత్రమే వాట్లు. భాగిస్తే వచ్చేదీ రెసిస్టెన్స్ కాదు, ఇంపీడెన్స్ అనే మరో రకం అడ్డు. దాని జోలికి ఇప్పుడే పోవద్దు.

కొలిచేటప్పుడు ఒక్క జాగ్రత్త. కరెంటుకి మీటరు దారి మధ్యలో, వోల్టేజీకి రెండు కొసల మీద. ఓమ్‌లు చూసేటప్పుడు సప్లై తీసేసి ఉండాలి. కొత్తలో నేను ఆంపియర్లు చూసి, మీటరు ఎర్ర తీగ 10 ఆంపియర్ల రంధ్రంలోనే వదిలేసి, వోల్టులు చూద్దామని బ్యాటరీ మీద పెట్టాను. ఠప్పుమని మెరుపు, మీటరు ఫ్యూజు పోయింది. బ్యాటరీ కాబట్టి చెయ్యి దక్కింది. అందుకే నువ్వు ఇంట్లో సప్లై ముట్టుకోకుండా 12 వోల్టుల దగ్గరే చెయ్యి తిప్పుకో.

12 వోల్టుల ఫిలమెంట్ బల్బు ఒకటి తీసుకుని 2, 4, 6, 9, 12 వోల్టుల దగ్గర కరెంటు రాసుకో. ప్రతిసారీ బల్బు కొసల మీదే వోల్టేజీ చూడు, సప్లై డబ్బా మీది అంకె చూసి కాదు. ఐదింటికీ ఓమ్‌లు కట్టి పంపు. ఐదూ ఒకటే వచ్చాయని రాశావో, కొలవకుండా కూర్చుని రాశావని తెలిసిపోతుంది.

మీ మామయ్య