అమ్మాయి పక్షుల వెంట తిరుగుతోంది, ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది టెక్కలి. పాప బీఎస్సీ స్టాటిస్టిక్స్ ఆఖరి ఏడాది. ప్రాజెక్టని చెప్పి తేలినీలాపురం వెళ్లి, పెలికాన్ల గూళ్లు చూస్తూ నోట్‌బుక్కు నిండా ‘కూ, కూ, అ, మే’ అని రాసుకొస్తోంది. ఇదేటి చదువు సార్? దీనికి ఉద్యోగాలుంటాయా?

జవాబు: ‘కూ’ అంటే కూర్చోవడం, ‘అ’ అంటే పిల్ల నోరు తెరిచి అడగడం, ‘మే’ అంటే తల్లి మేత పెట్టడం అయ్యుంటుంది. ఇక ఏది దేని తర్వాత వస్తోందో లెక్కగట్టాలి. ఈ అక్షరాలే కోడ్‌లు. ఒక కోడ్ నుంచి తర్వాతి కోడ్‌కి వెళ్లే 100 మార్పుల్లో, ముందు కోడ్‌గా ‘అ’ 40 సార్లు, తర్వాతి కోడ్‌గా ‘మే’ 20 సార్లు వచ్చిందనుకోండి. రెంటికీ సంబంధం లేకపోతే ‘అ’ వెనకే ‘మే’ 8 సార్లు రావాలి. 16 సార్లు వస్తే? ఆ తేడాను కొలిచే జెడ్ విలువ 4 దాటుతుంది. మామూలుగా 1.96 దాటితేనే కాకతాళీయం కాదంటారు. ఒక కోడ్ వెంటనే మళ్లీ అదే రాయకూడదని పాప నియమం పెట్టుకుంటే మాత్రం, ‘అ’ వెనక ‘అ’ రాదు కాబట్టి, ఆ 8 మారిపోతుంది. చాలామంది బోల్తా పడేది ఇక్కడే.

అసలు పరీక్ష వేరే ఉంది. అదే గూటిని స్నేహితురాలి చేత కూడా విడిగా రాయించమనండి. ఇద్దరివీ 100కి 82 కలిశాయని సంబరపడొద్దు. పక్షి ఎక్కువసేపు కూర్చునే ఉంటుంది కదా! ఇద్దరూ 90 చోట్ల ‘కూ’ రాస్తే, కళ్లు మూసుకుని రాసినా సుమారు 82 కలుస్తాయి. ఈ గుడ్డి పొత్తును తీసేసి కొలిచేదే 1960లో కోహెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇచ్చిన ‘కప్పా’ అనే కొలత. ఇక్కడది సున్నా!

‘పక్షుల లెక్కల ఆఫీసరు’ అనే పోస్టు ఎక్కడా లేదు, నిజమే. ఇది పద్ధతి మాత్రమే. పిల్లల మానసిక వైద్యంలో, తరగతి గది పరిశోధనల్లో, యాప్‌లో జనం ఏది నొక్కాక ఏది నొక్కుతున్నారో చూసే కంపెనీల్లో ఇదే లెక్క పనికొస్తుంది. అందుకే పేరు చూసి చిత్రమైన కోర్సుల్లో చేర్చకండి. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్సే చేయించండి. ఆంధ్రా యూనివర్సిటీకి పీజీసెట్, ఐఐటీలకు జామ్ రాయాలి. కోల్‌కతా ఐఎస్‌ఐకి (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్) వేరే పరీక్ష, కష్టమే, కానీ రాయనివ్వండి. సర్కారు కొలువే కావాలంటే యూపీఎస్సీ పెట్టే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీసుకు స్టాటిస్టిక్స్ ఉన్న డిగ్రీ చాలు, 21 ఏళ్లు నిండాలి.

ఈలోగా ‘ఆర్’ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్ నేర్చుకోమనండి, ఉచితమే. ఆ నోట్‌బుక్కు పారేయనివ్వకండి. ఇంటర్వ్యూలో ముందు బల్ల మీద పెట్టాల్సింది అదే.