మూడు మందులకీ ఫిట్స్ తగ్గలేదని కీటో ఇంట్లోనే మొదలెట్టొచ్చా?

బాబుకి నాలుగేళ్లు, మూడు మందులు మార్చినా ఫిట్స్ ఆగట్లేదు, వీడియోలు చూసి రేపట్నుంచి అన్నం మానిపించేద్దామనుకుంటున్నాం అని రాశారు కదా. వద్దండీ, ఆగండి. మా పాపకి రెండేళ్లు ఆ కీటో తిండి, అంటే అన్నం లాంటి పిండిపదార్థం బాగా తగ్గించి కొవ్వు ఎక్కువ పెట్టే తిండి, వండి పెట్టాను కాబట్టి చెబుతున్నాను.

మాది సోంపేట దగ్గర పల్లె. పాపకి మూడేళ్లప్పుడు రోజుకి పది పన్నెండుసార్లు తల ఠక్కున ముందుకి వాలిపోయేది, తింటూ తింటూ కంచంలోనే ముఖం పెట్టేసేది. చేతిలో తాళాలు పెట్టారు, తాయెత్తు కట్టారు, మందులూ మార్చారు. రెండు సరైన మందులు సరిపడా మోతాదులో వాడినా లొంగకపోతే మూడోదానికి తగ్గే అవకాశం బాగా తక్కువని చెప్పి విశాఖలో పిల్లల న్యూరాలజిస్టు ఈ డైట్ మాట ఎత్తారు. మందులకి తగ్గనిది నెయ్యికి తగ్గుతుందా అనుకున్నాను. తీరా చూస్తే 1921 నుంచీ ఉన్న వైద్యమట. 2008లో లండన్ డాక్టర్లు 145 మంది పిల్లలతో చేసిన పరిశోధన వచ్చింది, మూడు నెలలకి డైట్ పెట్టినవాళ్లలో 38 శాతం మందికి ఫిట్స్ సగానికి పైగా తగ్గాయి, పెట్టనివాళ్లలో 6 శాతం మందికే. అంటే అందరికీ పనిచెయ్యదు, అది ముందే మనసులో పెట్టుకోండి.

ఇంట్లో ఎందుకు వద్దంటున్నానంటే, కొవ్వుని శక్తిగా మార్చుకోలేని లోపం కొందరు పిల్లల్లో పుట్టుకతోనే ఉంటుంది, వాళ్లకి ఇది ప్రాణం మీదకి తెస్తుంది. మాకు ముందు ఆ రక్తపరీక్షలు చేశాకే ఆసుపత్రిలో ఉంచి మొదలెట్టారు. కిడ్నీలో రాళ్లు రావచ్చన్నప్పుడు మాత్రం నా గుండె జారిపోయింది, మాది ఉద్దానం మరి! నీళ్లు బాగా పట్టించమన్నారు, దానికి వేరే మందు కూడా రాశారు. మలబద్ధకం ఎలాగూ తప్పలేదు.

పాపకి 3:1 పెట్టారు. మూడు గ్రాముల కొవ్వుకి, మాంసకృత్తులూ పిండిపదార్థమూ రెండూ కలిపి ఒక్క గ్రాము. గుడ్డు, కొబ్బరి, వెన్న అన్నీ చిన్న కాటా మీద తూచేదాన్ని, గిన్నెకి అంటుకున్న నెయ్యి వేలితో తీసి నాకించేదాన్ని, అదీ లెక్కలోదే కదా. పలాస జీడిపప్పు మంచిదేగా అని మా అత్తయ్య పెట్టబోయేవారు, కానీ అందులో 100 గ్రాములకి 30 గ్రాముల దాకా పిండిపదార్థమే. ఇంకొంచెం తేలికైన మోడిఫైడ్ అట్కిన్స్ అనే డైట్ కూడా ఉంది, అందులో అంత తూకం ఉండదు గానీ పిండిపదార్థం రోజుకి 10 నుంచి 20 గ్రాములు దాటకూడదు. గుప్పెడన్నం పెడితే ఆ రోజు కోటా అయిపోయినట్టే.

కొవ్వు కరిగి ఒంట్లో కీటోన్లు తయారవుతున్నాయో లేదో రోజూ మూత్రంలో ముంచే పట్టీతో (స్ట్రిప్) చూసేదాన్ని. ఒకసారి ఆ స్ట్రిప్ రోజూలా ముదురు వంకాయరంగుకి తిరగలేదు, పాలిపోయి ఉంది. సాయంత్రానికి మళ్లీ తల వాలడం మొదలైంది. అత్తయ్య బెల్లం జీడి గానీ పెట్టారేమోనని అనుమానించి ఆవిడతో గొడవపడ్డాను, పాపం ఆవిడ ఏడ్చారు కూడా. తీరా చూస్తే ఊళ్లో డాక్టరిచ్చిన దగ్గు సిరప్‌లో పంచదార.

మూడో నెలకి రోజుకి ఒకటీ రెండుకి వచ్చాయి, ఏడాదికి వారానికొకటి. పూర్తిగా పోలేదు, మాత్ర ఇప్పటికీ వేస్తున్నాం. డైట్ కూడా ఒక్కసారిగా ఆపలేదు, నెలల తరబడి తగ్గించుకుంటూ వచ్చారు.

పిల్లల న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లేటప్పుడు బాబుకి ఫిట్స్ వచ్చినప్పటి వీడియో, పాత చీటీలు పట్టుకెళ్లండి. వాడుతున్న సిరప్‌లైతే సీసాలతో సహా.